సామెతకు సందర్భం, జాతీయానికి వాక్యం

తెలుగు ప్రశ్నపత్రాల్లో రెండు ప్రశ్నలు తరచూ కనిపిస్తాయి. ఒకటి, ‘కింది జాతీయాలను సొంత వాక్యాల్లో ఉపయోగించండి’. రెండోది, ‘కింది సామెతలను ఏ సందర్భంలో వాడతారో రాయండి’. పరీక్ష రాసే పిల్లలు రెండింటినీ ఒకే గాటన కట్టేసి ఏదో ఒకటి రాసేస్తారు. కానీ ప్రశ్న తయారుచేసినవారు, తెలిసో తెలియకో, అసలు తేడా అంతా ఆ రెండు మాటల్లో పెట్టేశారు. జాతీయానికి వాక్యం కావాలి. సామెతకు సందర్భం కావాలి. ‘నీరుగారిపోయింది’ అని ఊరుకుంటే ఏం నీరుగారిపోయిందని ఎదుటివాళ్లు అడుగుతారు. ‘కంచే చేను మేస్తే...’ అని సగంలో ఆపేసినా అక్కడున్నవాళ్లకు ఎవరి గురించో తెలిసిపోతుంది.

సామెతల పట్టికల్లో ఎడమవైపు సామెత, కుడివైపు అర్థం అని రెండు గళ్లు ఉంటాయి. ఆ కుడివైపు గడిలో చాలాసార్లు అర్థానికి బదులు నీతి ఉంటుంది. ‘అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది’ అన్నదానికి ‘నొప్పి కన్నా అవమానం పెద్దది’ అని రాస్తే తప్పేమీ లేదు. అయితే ఆ మాట వాడేవాళ్లెవరూ అవమానం గురించి పాఠం చెప్పడానికి వాడరు. బాస్ తిడితే దులిపేసుకున్న మనిషి, పక్క సీటువాడు ముసిముసిగా నవ్వాడని మూడు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగినప్పుడు వాడతారు. కొట్టిన చేతిని వదిలేసి నవ్విన పెదవి మీదికి కోపం ఎందుకు మళ్లుతుందో ఆ సామెతకు బాగా తెలుసు. అత్త పైమెట్టు మీద ఉంది, ఆమెను ఏమీ అనలేం. తోడికోడలు అదే మెట్టు మీద ఉంది. ఈ మెట్ల లెక్క కుడివైపు గడిలో పట్టదు.

వీటి పేర్లలోనే కొంత తికమక ఉంది. జాతీయం అనగానే ఇప్పుడు చాలామందికి జాతీయ రహదారో జాతీయ జెండానో గుర్తొస్తుంది. ఒక జాతి మాటతీరుకే ప్రత్యేకమైన ప్రయోగం కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. దానికే పలుకుబడి అనే చక్కటి మాట కూడా ఉండేది. అది కాస్తా రాజకీయాల్లోకి వెళ్లిపోయింది. ‘ఆయనకు మంచి పలుకుబడి ఉంది’ అంటే ఆయన తెలుగు బాగుంటుందని ఎవరూ అనుకోరు, ఆయన ఫోన్ చేస్తే పని అవుతుందనుకుంటారు. సామెత అనే మాట ‘సామ్యత’ నుంచి వచ్చిందని చెబుతారు. సామ్యం అంటే పోలిక. నానుడి, లోకోక్తి దాదాపు అదే అర్థంలో నడుస్తాయి. తెలంగాణలో శాత్రం అంటారు. ‘సామెత లేని మాట, ఆమెత లేని ఇల్లు’ అని సామెత మీదే ఒక సామెత ఉంది. ఆమెత అంటే విందు. ఈ మాట విడిగా వాడేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. పక్కన సామెత ఉంది కాబట్టి, దానితో ప్రాస కుదిరింది కాబట్టి అలా బతికిపోయింది.

జాతీయం ఎలా పనిచేస్తుందో చూడటానికి ‘చెయ్యి’ ఒక్కటి చాలు. చెయ్యి తిరిగిన రచయిత, చేతివాటం ఉన్న గుమాస్తా, చేతులెత్తేసిన డాక్టర్లు, చేతులు దులుపుకున్న అధికారి, చెయ్యి తడిపితే గానీ కదలని ఫైలు. రచయిత చెయ్యి ఎటూ తిరగలేదు, డాక్టర్లు చేతులు పైకెత్తలేదు, ఫైలు దగ్గర ఎవరి చెయ్యీ తడవలేదు. ‘చెయ్యి చేసుకున్నాడు’ మరీ విచిత్రం. మాటల్ని విడదీసి చూస్తే కొట్టడం అన్నది అందులో ఎక్కడా లేదు. ‘చేతులు కాల్చుకున్నాడు’ అంటే వ్యాపారంలో నష్టపోయాడని. ‘చెయ్యి కాల్చుకుంటున్నాడు’ అంటే ఇంట్లో వండిపెట్టేవాళ్లు లేక తానే వండుకుంటున్నాడని. ఒకటా రెండా అన్నదాని మీద, క్రియ ఏ కాలంలో ఉందన్నదాని మీద అర్థం వంటింట్లోంచి షేర్ మార్కెట్‌కు వెళ్లిపోతుంది.

ఇక్కడ రెండు పరీక్షలు పెట్టి చూడొచ్చు. మొదటిది మాట మార్చడం. ‘హస్తం చేసుకున్నాడు’ అంటే అర్థం పోతుంది. ‘కరములు దులుపుకున్నాడు’ అంటే నవ్వొస్తుంది. జాతీయంలో మాటకు బదులు మాట పెట్టడం కుదరదు. రెండోది కాలం మార్చడం. చేతులెత్తేశాడు, ఎత్తేస్తాడేమో, ఎత్తేయకండి అని ఎటైనా తిప్పుకోవచ్చు, ఏ వాక్యంలోనైనా ఇమిడిపోతుంది. సామెత ఈ రెండో పరీక్షకు లొంగదు. ‘పిట్ట కొంచెం, కూత ఘనం’ అన్నదాన్ని ‘పిట్ట కొంచెంగా ఉండేది, కూత ఘనంగా ఉండేది’ అంటే అది ఏదో పిట్ట కథ అవుతుంది.

మొదటి పరీక్షకు ఒక సరదా మినహాయింపు ఉంది. చెయ్యిచ్చాడు అనే మాట హ్యాండిచ్చాడు అయింది. మాట మారినా అర్థం చెక్కుచెదరలేదు, పైగా ఇంకా పదునెక్కింది. ‘కింద పడితే చెయ్యిచ్చి లేపాడు’ అనొచ్చు, ‘హ్యాండిచ్చి లేపాడు’ అని ఎవరూ అనరు. మామూలు చెయ్యి తెలుగులో ఉండిపోయింది, మోసం చేసే చెయ్యి ఇంగ్లిష్ తొడుగు వేసుకుంది.

జాతీయాల్లో కొన్ని పాత వస్తువుల్ని పొట్టలో దాచుకుని బతుకుతుంటాయి. ‘పదహారణాల తెలుగమ్మాయి’ అనేవాళ్లలో అణాను కళ్లతో చూసినవాళ్లు ఎందరుంటారు? 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. పదహారూ ఉంటే రూపాయి నిండినట్టు. అంటే ఏ వెలితీ లేని, ఏ కల్తీ లేని అని. రూపాయికి నూరు పైసలు వచ్చి ఇన్నేళ్లయినా ‘నూరు పైసల తెలుగమ్మాయి’ అని ఎవరూ అనలేదు. లెక్క మారింది గానీ మాట మారలేదు. చిల్లిగవ్వ ఇంకా పాతది. గవ్వలు చిల్లర డబ్బుగా చెల్లిన రోజుల నాటి మాట అది. గవ్వే అతి తక్కువ విలువ, అందులోనూ చిల్లుపడ్డ గవ్వ. ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటే పనికిరాని డబ్బు కూడా లేదని చెప్పడం.

రాతపని నుంచి వచ్చినవి మరో గుంపు. శ్రీకారం చుట్టడం, ఓనమాలు రాకపోవడం, తుచ తప్పకుండా చేయడం. సంస్కృత శ్లోకాల్లో తు, చ అనేవి పాదం నిండటానికి కూడా వేసే చిట్టి మాటలు. వాటిని సైతం వదలకుండా అప్పజెప్పినవాడు ఇక దేన్నీ వదలడు. వీటన్నిటిలో ఎక్కువగా దారి తప్పింది ‘ఆదిలోనే హంసపాదు’. రాస్తున్నప్పుడు అక్షరమో మాటో పడిపోతే, ఇక్కడ చేర్చాలి అని చూపడానికి కొక్కెం లాంటి చిన్న గుర్తు పెడతారు. హంస కాలిముద్రలా ఉంటుంది కాబట్టి అది హంసపాదు. పుస్తకం మధ్యలో ఎక్కడో పెడితే పట్టించుకునేవాళ్లు ఉండరు. మొదటి మాటలోనే పెట్టాల్సి వస్తే ఆ రాతగాడి పని ఎలా సాగబోతోందో అప్పుడే తెలిసిపోతుంది. కాబట్టి ఇందులో ఉన్నది మొదట్లోనే చేసిన పొరపాటు. పత్రికలు మాత్రం దీన్ని మొదట్లో వచ్చిన ప్రతి ఆటంకానికీ వాడేస్తున్నాయి. వాన పడి మొదటి రోజు ఆట ఆగిపోతే అందులో ఆటగాళ్లు పోగొట్టిన అక్షరం ఏమీ లేదు. సభ మొదలుపెడుతూ అధ్యక్షుడి పేరే తప్పు చదివితే అది అచ్చమైన హంసపాదు.

పురాణాల నుంచి వచ్చినవాటికి వాక్యం ఒక్కటే చాలదు, కథ కూడా తెలియాలి. భగీరథ ప్రయత్నం, కుంభకర్ణ నిద్ర, త్రిశంకు స్వర్గం లాంటివాటికి పేచీ లేదు, కథలు అందరికీ తెలుసు. ‘శల్య సారథ్యం’ దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. కర్ణుడి రథం తోలుతూనే అతణ్ణి అడుగడుగునా కించపరిచి నీరుగార్చినవాడు శల్యుడు. బయట నిలబడి విమర్శించేవాణ్ణి శల్యుడు అనకూడదు, పగ్గాలు వాడి చేతిలో ఉండాలి. ‘లక్ష్మణరేఖ’ది ఇంకో రకం తమాషా. అందరూ రామాయణంలోదే అనుకునే ఆ గీత వాల్మీకి రామాయణంలో కనిపించదు. తర్వాత చెప్పుకున్న రామకథల్లో చేరి, అక్కడి నుంచి జనం నోటికెక్కింది.

సామెత దగ్గరికి వస్తే దాని ఆకారమే వేరు. తెలుగు సామెతల్లో ఒక పెద్ద గుంపు ‘అట్టు’తో ముగుస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు. వ్యాకరణం ప్రకారం ఇవి సగం వాక్యాలు. ‘అలా ఉంది వీళ్ల వ్యవహారం’ అని రెండో సగం కలవాలి. ఆ రెండో సగం కళ్లెదుటే జరుగుతుంటుంది కాబట్టి పలకాల్సిన పని లేదు. సామెతకు సామ్యమే పుట్టిల్లు అన్నమాట ఈ ‘అట్టు’ల దగ్గర బాగా రుజువవుతుంది.

ఇంకో గుంపు ‘అట’తో ముగుస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నదట. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. ఈ ‘ట’ చిన్న అక్షరమే గానీ చాలా పని చేస్తుంది. ఇది విన్నమాట, నేను చూసింది కాదు, పూచీ నాది కాదు అని మూడు సంగతులు ఒక్కటే చెబుతుంది. ‘నువ్వు అబద్ధం చెబుతున్నావు’ అంటే గొడవ. ‘దూడగడ్డి కోసం అన్నాడట’ అంటే మాట తగలాల్సిన చోట తగులుతుంది, అన్నవాడి మీదికి తిరిగి రాదు. చెట్టెక్కినవాడు ఎవడో, ఏ కాలంవాడో! అత్తను నేరుగా ఏమీ అనలేని కోడలు, ఆసామిని ఎదిరించలేని పాలేరు ఈ ‘ట’ చాటున నిలబడి చాలా మాటలే అనగలరు. సామెతల్లో ఇంత వెటకారం పేరుకుపోవడానికి అదొక కారణం కావచ్చు. ఎవరి మాటా కాని మాటకు శిక్ష వేయడం కష్టం.

క్రియే లేకుండా రెండు ముక్కలు ఎదురెదురుగా నిలబడేవి కొన్ని ఉంటాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆస్తి మూరెడు, ఆశ బారెడు. మోచేతి నుంచి వేలికొస దాకా మూర, రెండు చేతులూ బార్లా చాపితే బార. బారకు నాలుగు మూరలు. అంటే ఆశ ఆస్తికి నాలుగు రెట్లన్నమాట, సామెత లెక్క కూడా కట్టే ఉంచింది.

కొన్ని సామెతల్లో అసలు రుచి ఒక్క వివరంలో ఉంటుంది. అది తెలియకపోయినా సామెత పని చేస్తుంది, తెలిస్తే మెరుస్తుంది. ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు’ అన్నది చిన్నప్పటి నుంచి వింటున్నదే. భుజాలే ఎందుకు? ఎర్ర గుమ్మడిని ఊహించుకుంటే దీనికి జవాబు దొరకదు. ఇది బూడిద గుమ్మడి. ముదిరిన కాయ మీద తెల్లటి బూడిద లాంటి పొడి ఉంటుంది, ముట్టుకుంటే అంటుకుంటుంది. పెద్ద కాయ కాబట్టి భుజాన వేసుకుని మోయాలి. దొంగ అన్న కేక వినగానే, పొడి అంటుకుని ఉందేమోనని వాడి చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. ఎవరూ వాడి పేరు చెప్పలేదు, వాడివైపు చూడను కూడా లేదు.

ఇప్పుడు దీన్ని ఒక ఆఫీసు మీటింగ్‌లో పెట్టి చూద్దాం. ‘ఈ మధ్య కొందరు చెప్పాపెట్టకుండా సెలవు పెడుతున్నారు’ అని మేనేజర్ గాలిలోకి ఒక మాట వదిలాడు. మూడో వరుసలోంచి ఒకాయన లేచి ‘నేను మొన్న మెయిల్ పెట్టాను సార్, నెట్ స్లోగా ఉండి వెళ్లలేదేమో’ అన్నాడు. వెనక నుంచి ఎవరో ‘గుమ్మడికాయలు’ అని గొణిగారు. అంతే, వరుసంతా నవ్వు. సామెతలో ఒక్క మాట పలికితే చాలు, మిగతాది వినేవాళ్లు పూరించుకున్నారు. జాతీయం ఈ పని చేయలేదు. ‘చేతులు’ అని గొణిగితే ఎత్తేశాడో, దులుపుకున్నాడో, కాల్చుకున్నాడో ఎవరికి తెలుస్తుంది?

‘రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు’ కూడా ఇలాంటిదే. రోలుకు ఒకవైపే దెబ్బలు. రోజూ రోకటిపోటు పడలేక తన గోడు వెళ్లబోసుకోవడానికి అది మద్దెల దగ్గరికి వెళ్లింది. మద్దెలకు రెండువైపులా వాయింపే! కష్టం చెప్పుకోవడానికి వెళ్లినచోట అంతకు రెట్టింపు కష్టం కూర్చుని ఉంది. మిక్సీలు వచ్చాక రోలు మూలన పడింది, మద్దెల చప్పుడు విననివాళ్లు ఉన్నారు. అయినా సామెత అర్థమవుతుంది. ఆ ‘రెండువైపులా’ అన్న దెబ్బ మాత్రం పిల్లలకు ఎవరో ఒకరు విడమర్చి చెప్పాల్సిందే.

ఇంతవరకూ చూసినవన్నీ ఒకటి చెప్పి ఇంకొకటి సూచించేవి. చెప్పిందే చెప్పేవి కూడా బోలెడున్నాయి. రైతుల కార్తె సామెతలు ఆ కోవలోవి. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటతాడన్న లెక్కన ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. ‘రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి’ అంటే మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ రెండు వారాల ఎండ గురించే. రోళ్లు అనడంలో కాస్త అతిశయం ఉందంతే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, ‘మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది’. వీటికి సందర్భం ఎవరూ వెతకక్కర్లేదు. క్యాలెండరే సందర్భం.

అయితే ఈ కార్తెలే ఒకచోట పోలికగా మారాయి. ‘మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు’. ఎన్నికల ముందు పుట్టి ఎన్నికల తర్వాత కనిపించకుండా పోయిన పార్టీల గురించి రాసేటప్పుడు ఇది తప్పకుండా పడుతుంది. మఖ కార్తె ఆగస్టు 17 ప్రాంతంలో మొదలవుతుంది, దాని వెనకే నెలాఖరుకు పుబ్బ వస్తుంది. అంటే ఆయుష్షు రెండు వారాలు, మహా అయితే నాలుగు. కొందరు దీన్ని తిరగేసి ‘పుబ్బలో పుట్టి మఖలో పోయింది’ అంటుంటారు. అలా అంటే ఆ పార్టీకి దాదాపు ఏడాది ఆయుష్షు ఇచ్చినట్టు!

సంస్కృతం వైపు నుంచి వచ్చినవాటిలో న్యాయాలు ఒక ప్రత్యేకమైన రకం. కోర్టుతో వీటికి సంబంధం లేదు. శాస్త్ర చర్చల్లో పండితులు ఒక లోకానుభవాన్ని తీసుకుని దానికి పేరు పెట్టుకున్నారు. పేరు చెబితే కథంతా చెప్పినట్టే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కలబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. అది స్థాలీపులాక న్యాయం. సర్వేలు చేసేవాళ్లకు ఇదే ఆధారం, కాకపోతే మెతుకు ఏ కుండలోదో ముందు తేల్చుకోవాలి. తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. అది కాకతాళీయం. కాకి వల్ల పండు రాలలేదన్నదే అందులోని మెలిక. చెక్కను తొలుస్తూ పోయిన పురుగు గీత అచ్చం అక్షరంలా కనిపించింది. అది ఘుణాక్షర న్యాయం. ఈ రెండూ అనుకోకుండా జరిగినవే అయినా ఒకటి కాదు. కాకతాళీయంలో రెండు సంఘటనలు కలిసి పడ్డాయి. ఘుణాక్షరంలో చేతకానివాడు తెలియకుండానే ఒక మంచి పని చేసేశాడు. గుడ్డిగా నొక్కితే కంప్యూటర్ బాగైపోయిందంటే అది ఘుణాక్షరమే. పత్రికలు రెండింటికీ ‘కాకతాళీయంగా’ అనే రాస్తాయి, ఘుణాక్షరం పండితుల దగ్గరే ఉండిపోయింది.

న్యాయం మీద మతచర్చ నడిచిన సందర్భం కూడా ఉంది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఊరికే పడి ఉంటుంది, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. భగవంతుణ్ణి చేరడానికి భక్తుడు కూడా ప్రయత్నం చేయాలా, అంతా ఆయనకే వదిలేయాలా అన్న వాదంలో శ్రీవైష్ణవంలోని వడగలై శాఖను మర్కట కిశోర న్యాయంతోనూ, తెంగలై శాఖను మార్జాల కిశోర న్యాయంతోనూ పోల్చి చెబుతారు. అంత పెద్ద వేదాంతం చివరికి ఒక కోతిపిల్ల, ఒక పిల్లికూన దగ్గర తేలింది.

సూక్తులకు సందర్భం పెద్దగా అక్కర్లేదు, గోడ మీద రాసి పెట్టినా బాగానే ఉంటాయి. అందుకే అర్థం మారిపోయినా ఎవరూ గమనించరు. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్నది పెళ్లిచూపుల దగ్గర జీతం లెక్క తేల్చే మాట అయిపోయింది. సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. భారతంలో యుద్ధానికి ముందు జరిగిన ప్రయత్నాల పర్వానికి ఉద్యోగపర్వం అని పేరు. అక్కడ ఎవరూ నౌకరీ కోసం తిరగలేదు. ‘మౌనం అర్ధాంగీకారం’లోనూ ఇలాంటి జారుడు ఉంది. అర్ధం అంటే సగం. మాట్లాడకపోతే సగం ఒప్పుకున్నట్టు అని చెప్పే మాటను, మొత్తం ఒప్పేసుకున్నట్టుగా వాడేస్తున్నారు. నోరు విప్పని మనిషి దగ్గర మిగిలిన సగం ఎటు పోయిందో అడిగేవాళ్లు లేరు.

పద్యపాదాలు సామెతలైపోవడం తెలుగులో మామూలే. ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’, ‘తన కోపమె తన శత్రువు’ లాంటివి వాడేవాళ్లలో అందరికీ మిగతా పాదాలు రావు, రానక్కర్లేదు కూడా. కవి పేరు ఊడిపోయి మాట మిగిలితే అది సూక్తి నుంచి సామెత వైపు జరిగినట్టే.

సామెతల్ని జ్ఞానం అనుకునేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అంటారు, ‘నిదానమే ప్రధానం’ అంటారు. ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అంటారు, ‘ఊరుకున్నంత ఉత్తమం లేదు’ అంటారు. రెండూ నిజమైతే మనిషి ఏం చేయాలి? చేయాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే సామెత సలహాగా రావడం తక్కువ. ముందు మనిషి ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు, తర్వాత దానికి తగ్గ సామెత వెతుక్కుంటాడు. స్థలం కొనాలని తహతహలాడేవాడికి ఆలస్యం విషం. అప్పు ఇవ్వడం ఇష్టంలేనివాడికి నిదానం ప్రధానం. పెట్టెలో అన్ని సైజుల పానాలూ ఉన్నట్టు భాషలో రెండు వైపుల సామెతలూ ఉంటాయి. పానాలు ఒకదాన్నొకటి కాదంటున్నాయని మెకానిక్ ఎవరూ బాధపడడు.

అందుకే సామెతలో ఉన్నదల్లా పెద్దల అనుభవం అని మొక్కేయడం కూడా ప్రమాదమే. బ్రిటిష్ సైనికాధికారి కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ పేరుతో తెలుగు సామెతలను ఇంగ్లిష్ అనువాదాలతో అచ్చు వేయించారు. ఆ తర్వాతా సంకలనాలు చాలా వచ్చాయి. పాత సామెతల పుస్తకం ఏది తెరిచినా కులాల్ని ఎత్తిపొడిచేవి, ఆడవాళ్లను తక్కువ చేసేవి, అంగవైకల్యాన్ని వేళాకోళం చేసేవి కొన్ని ఎదురవుతాయి. ‘ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు’ అన్నది ఎవరి అనుభవం? తిరగడానికి హక్కున్నవాడి అనుభవం. అదే భాషలో ‘అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు’ అన్నది కూడా ఉంది. దాన్ని చెప్పిన నోరు ఇద్దరినీ దగ్గర నుంచి చూసింది, ఇద్దరికీ సమానంగా వడ్డించింది. మొదటిది మెల్లగా వాడుకలోంచి జారిపోతోంది, రెండోది ఇంకా నవ్విస్తోంది. చెవిటివాడి ముందు శంఖం లాంటివి మాత్రం ఇప్పటికీ ఆలోచించకుండా వాడేస్తున్నారు. దున్నపోతు మీద వాన అంటే సరిపోయే చోట మనిషి లోపాన్ని లాగాల్సిన పని లేదు.

బయటి నుంచి వచ్చి ఇంటివైపోయినవి కూడా ఉన్నాయి. ‘అందని ద్రాక్ష పుల్లన’ గ్రీకు ఈసపు నక్క కథ. పాఠ్యపుస్తకాల ద్వారా వచ్చి, అంత్యప్రాస కూడా లేకుండానే తెలుగులో స్థిరపడింది. ఆ నక్క ఏ దేశానిదో ఇప్పుడు ఎవరూ అడగరు.

కొత్తవి ఎక్కువగా జాతీయాల వైపే పుడుతున్నాయి. చెవిలో పువ్వు చాలక చెవిలో కాలీఫ్లవర్ పెడుతున్నారు. లైట్ తీసుకోవడం, బిస్కెట్ వేయడం, సీన్ లేకపోవడం, సాయంత్రానికి మనిషికి చార్జింగ్ అయిపోవడం. అన్నిటికీ ఆ రెండు పరీక్షలూ పెట్టొచ్చు. లైట్ తీసుకున్నాడు, తీసుకోలేదు, తీసుకోరా అని ఎటైనా తిరుగుతుంది. ‘దీపం తీసుకో’ అంటే మాత్రం కరెంటు పోయిందనుకుంటారు. పక్కా జాతీయం. కొత్త సామెత పుట్టడం మాత్రం అరుదు. జాతీయానికి ఇద్దరు స్నేహితులు, ఒక వాక్యం ఉంటే చాలు, వారంలో కాలేజీ అంతా పాకుతుంది. సామెతకు గుమ్మడికాయ మీది బూడిద లాంటిది ఒకటి కావాలి. ఊరంతా ముట్టుకుని ఉండాలి, ఎవరూ విడమర్చి చెప్పకుండానే అందరి చేతికీ అంటి ఉండాలి. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు వేరే వీడియోలు చూస్తున్న రోజుల్లో అలాంటిది దొరకడం కష్టమే.